లోటు ఏడాదిలో ఎవరి వంతు ఎంత? కృష్ణా పరీవాహక ప్రాంతంపై పాఠకుల ప్రశ్నలు, జవాబులు

కృష్ణా పరీవాహక ప్రాంతంలో నేలనూ నీటినీ పంచుకోవడంలో ఎదురవుతున్న ఇబ్బందుల గురించి రాయమని పాఠకులను కోరాం. రాష్ట్రాల వాటాల దగ్గర నుంచి అన్నదమ్ముల మధ్య బోరు తగాదా దాకా అనేక విషయాలపై ఉత్తరాలు వచ్చాయి. ఒకే విషయంపై వచ్చినవాటిని కలిపి, రాసినవారి పేర్లు తీసేసి, ఇక్కడ జవాబులు ఇస్తున్నాం.

ప్రశ్న: బచావత్ ట్రైబ్యునల్ ఉమ్మడి రాష్ట్రానికి 811 టీఎంసీలు ఇచ్చిందని చిన్నప్పటి నుంచి వింటున్నాం. అంకె అంత స్పష్టంగా ఉన్నప్పుడు ఏటా వానాకాలం వచ్చేసరికి మళ్లీ తగాదా ఎందుకు మొదలవుతుంది? (కళాశాల అధ్యాపకుడు, గుంటూరు)

జవాబు: అంకె స్పష్టంగా ఉన్న మాట నిజమే. అయితే ఆ అంకెకు సరిపడా నీరు రాని ఏడాదిలో ఏం చేయాలన్నది ఎవరూ తేల్చలేదు. తగాదాకు మూలం అక్కడే ఉంది.

కృష్ణా జలాలను రాష్ట్రాల మధ్య పంచడానికి 1969లో ఏర్పడిన బచావత్ ట్రైబ్యునల్, విజయవాడ దగ్గర 1894-95 నుంచి 1971-72 దాకా నమోదైన 78 ఏళ్ల ప్రవాహాల లెక్కలను పరిశీలించి, నూటికి 75 ఏళ్లలో నమ్మకంగా దొరికే నీరు 2,060 టీఎంసీలని (టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు) నిర్ధారించింది. అందులో మహారాష్ట్రకు 560, కర్ణాటకకు 700, ఆంధ్రప్రదేశ్‌కు 800 కేటాయించింది. పొలాల నుంచి తిరిగి నదిలోకి చేరే నీటిని కూడా లెక్కలోకి తీసుకున్నాక ఆ వాటాలు 585, 734, 811 అయ్యాయి. ఇవే మనం నికర జలాలని పిలుచుకునేవి. 75 శాతం విశ్వసనీయత అంటే నూటికి 25 ఏళ్లు ఆ నీరు రాదని కూడా అర్థం. ఎగువన ఉన్నవారు ఆ ఏడాది కూడా తమ వాటా నింపుకోగలరు. లోటు మొత్తం దిగువకు దొర్లుతుంది. ఈ భారానికి ప్రతిగానే, మంచి ఏడాదిలో వచ్చే మిగులు జలాలను వాడుకునే స్వేచ్ఛను ట్రైబ్యునల్ చివరి రాష్ట్రానికి ఇచ్చింది. దానిని స్వేచ్ఛ అనే అన్నది, దానిపై హక్కు ఏర్పడదని అప్పుడే చెప్పింది.

లోటును ఎలా పంచాలన్న ఆలోచన ట్రైబ్యునల్‌కు లేకపోలేదు. 'బి' స్కీము పేరుతో ఒక ప్రణాళికను అది వివరంగానే తయారు చేసింది. కృష్ణా లోయ మొత్తానికి ఒక ప్రాధికార సంస్థ ఉండాలనీ, మిగులునూ లోటునూ కూడా నిర్ణీత నిష్పత్తిలో మూడు రాష్ట్రాలూ పంచుకోవాలనీ అందులో ఉంది. అయితే రాష్ట్రాలు ఒప్పుకుంటే తప్ప, లేదా పార్లమెంటు చట్టం చేస్తే తప్ప దానిని అమలు చేయడం కుదరదని భావించి, పైన చెప్పిన వాటాల పంపకమైన 'ఎ' స్కీమును మాత్రమే ఉత్తర్వుగా ఇచ్చింది. రాష్ట్రాలు ఒప్పుకోలేదు, చట్టమూ రాలేదు. ఈ నది చరిత్రలో చేజారిన అతిపెద్ద అవకాశం ఇదేనని నేను గట్టిగా నమ్ముతున్నాను.

రెండో చిక్కు 811 లోపలే ఉంది. 1960 సెప్టెంబరు నాటికి వాడకంలో ఉన్న నీటికి ట్రైబ్యునల్ రక్షణ కల్పించింది. 1855 నాటికే ఆనకట్ట ఉన్న కృష్ణా డెల్టాకు అందువల్ల 181.20 టీఎంసీలు దక్కాయి. నది పక్కనే ఉండి కూడా కాలువ ఎరగని పాలమూరుకు దక్కింది చాలా తక్కువ. ఉమ్మడి రాష్ట్రంలోని కృష్ణా పరీవాహక విస్తీర్ణంలో మూడింట రెండు వంతులకు పైగా తమ దగ్గరే ఉందన్నది తెలంగాణ వాదన. వందేళ్లకు పైబడిన వాడకాన్ని నమ్ముకుని స్థిరపడిన సాగును, నీరు తప్ప అన్నీ ఉన్న రాయలసీమను కాదని పంపకాన్ని తిరగరాయలేమన్నది ఆంధ్రప్రదేశ్ వాదన. రెండింటిలోనూ న్యాయం ఉంది. 2015లో ఆంధ్రప్రదేశ్‌కు 512, తెలంగాణకు 299 అని చేసుకున్న సర్దుబాటు ఆ ఒక్క ఏడాదికని మొదలై ఏళ్ల తరబడి సాగింది. 2004లో ఏర్పడిన బ్రిజేష్‌కుమార్ ట్రైబ్యునల్ 2010లోనూ 2013లోనూ నివేదికలు ఇచ్చినా, సుప్రీంకోర్టు ఆదేశం వల్ల అవి అమల్లోకి రాలేదు. రెండు తెలుగు రాష్ట్రాల మధ్య పంపకాన్ని కూడా తేల్చాలని 2023 అక్టోబరులో కేంద్రం ఆ ట్రైబ్యునల్‌కే కొత్త విచారణాంశాలు ఇచ్చింది. ఆ మరుసటి నెలాఖరులోనే నాగార్జునసాగర్ డ్యాం మీద రెండు రాష్ట్రాల పోలీసులు ఎదురెదురుగా నిలబడడం మనమంతా చూశాం.

రేపు ట్రైబ్యునల్ ఏ నిష్పత్తి ఇచ్చినా, ఆ నిష్పత్తి పక్కనే లోటు సూత్రం లేకపోతే ఆ దృశ్యం మళ్లీ తప్పదు. శ్రీశైలంలో నీటిమట్టం ఏ స్థాయికి పడిపోతే ఎవరు ఏ కాలువ ఎంత తగ్గించుకోవాలి, తాగునీటికి ఎంత పక్కన పెట్టాలి, విద్యుత్తు కోసం వదిలే నీటిని ఎవరి ఖాతాలో రాయాలి అన్నవి వానలకు ముందే, ఎవరి రిజర్వాయరులో ఎంత నీరుంటుందో ఇంకా తెలియని రోజుల్లోనే రాసుకోవాలి. నీళ్లు తగ్గాక కూర్చుంటే ప్రతివారికీ తమ పొలమే కనిపిస్తుంది.

ప్రశ్న: అలా లోటును పంచుకునే ఏర్పాటు మన దేశంలో ఎక్కడైనా పనిచేస్తోందా? మాది తుంగభద్ర దిగువ కాలువ. 24 టీఎంసీల వాటా అంటారు, అంత నీరు మేం ఎన్నడూ చూడలేదు. (రైతు, ఆదోని ప్రాంతం, కర్నూలు జిల్లా)

జవాబు: మీ ప్రశ్నలోని మొదటి సగానికి జవాబు మీ కాలువ మీదే ఉంది. ఆంధ్ర రాష్ట్ర చట్టం కింద 1953లో ఏర్పడిన తుంగభద్ర బోర్డు ప్రతి నీటి సంవత్సరం ఆరంభంలో, అంటే జూన్ ప్రాంతంలో, జలాశయానికి ఎంత నీరు వస్తుందో అంచనా వేస్తుంది. ట్రైబ్యునల్ కేటాయింపు ఆవిరి నష్టంతో కలిపి 230 టీఎంసీలు. ఆవిరికి 18 పోగా మిగిలిన 212లో కర్ణాటకది 138.99, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌ది 73.01. ఎగువ కాలువకు 32.5, మీ దిగువ కాలువకు 24, కర్నూలు-కడప కాలువకు 10, ఇప్పుడు తెలంగాణలో ఉన్న రాజోలిబండ ఆయకట్టుకు 6.51 కలిస్తే ఆ 73.01 వస్తుంది. అంచనా తగ్గితే అందరి వాటా అదే నిష్పత్తిలో తగ్గుతుంది. సీజను నడుస్తున్నకొద్దీ అంచనాను సవరిస్తారు. ఈ బోర్డు మీద ఫిర్యాదులు లేవని కాదు. కానీ ఇన్ని దశాబ్దాల్లో, ఎన్నో కరువులు వచ్చినా, పంపకం అనే పని ఆగిపోలేదు. తుంగభద్ర కృష్ణాకు ఉపనదే, రాష్ట్రాలూ దాదాపు అవే. తేడా ఏమిటంటే ఇక్కడ గేట్లు, కొలతలు, లోటు సూత్రం మూడూ ఒకే సంస్థ చేతిలో ఉన్నాయి.

రెండో సగం బాధ కలిగించేది. 1953లో నీరు నిలిపిన నాడు ఆ జలాశయం సామర్థ్యం సుమారు 133 టీఎంసీలు. పూడిక వల్ల ఇప్పుడు సుమారు 105కు దిగింది. పైగా మీ దిగువ కాలువ బోర్డు అజమాయిషీలోనే దాదాపు 250 కిలోమీటర్లు నడిచి వస్తుంది. దారిలో ఇంకేది ఇంకగా, తోడుకునేవారు తోడుకోగా మిగిలింది మీకు చేరుతుంది. వాటా కాగితం మీద మారలేదు, నీటిని పట్టి ఉంచే పాత్ర మాత్రం చిన్నదైంది.

ఆ పూడిక ఎక్కడిదో ఒక్కసారి ఆలోచించండి. శ్రీశైలం జలాశయం 308 టీఎంసీల నుంచి 215కు, నాగార్జునసాగర్ 408 నుంచి 312కు తగ్గాయి. ఈ మూడింటిలో కలిపి పోయిన చోటు 200 టీఎంసీలకు పైమాటే. ఆ మట్టిలో ఎక్కువ భాగం ఎగువ ప్రాంతాల దున్నిన చేల నుంచి, చెట్లు కొట్టేసిన కొండవాలుల నుంచి, తవ్వేసిన గనుల నుంచి వానకు కొట్టుకొచ్చినదే. ఒక్కో వానకు పైపొర పోగొట్టుకునే రైతు ఎగువన నష్టపోతున్నాడు, అదే మట్టి వల్ల దిగువన ఆయకట్టు రైతు నష్టపోతున్నాడు. నీటి గురించి ఇన్ని ఒప్పందాలు రాసుకున్న రాష్ట్రాలు, నేలకోత గురించి ఉమ్మడిగా ఒక్క పనీ తలపెట్టకపోవడం నాకు మింగుడుపడదు. వాలుకు అడ్డంగా దున్నడం, గట్లు వేయడం, వాగుల మొదట్లో రాతికట్టలు కట్టడం వంటి పనులు ఎగువ జిల్లాల్లో జరిగితే, ఆ ఖర్చులో దిగువ ప్రాజెక్టులు భాగం పంచుకోవడమే న్యాయమని నా అభిప్రాయం.

ప్రశ్న: సాగర్ కుడి కాలువలో దర్శి బ్రాంచి కింద మా మైనరు (పిల్ల కాలువ) చివరన మాకు నాలుగెకరాలున్నాయి. పైవాళ్లు వరి వేసి మడులు నింపుకుంటారు. మా తూము దగ్గరికి వచ్చేసరికి కాలువ అడుగు కనిపిస్తుంది. అధికారులను అడిగితే నీళ్లు వదిలాం అంటారు. ఎవరిది తప్పు? (రైతు, ప్రకాశం జిల్లా)

జవాబు: తప్పు ఎవరిదని వెతికేముందు ఒక లెక్క చేద్దాం. ఈ లెక్క మీ సంఘం సమావేశంలో బల్ల మీద పెట్టవలసినది.

కుడి కాలువ వాటా 132 టీఎంసీలు. ఒక టీఎంసీ అంటే సుమారు 22,950 ఎకరాలలో ఒక అడుగు ఎత్తున నిలిచే నీరు. కుడి కాలువ కింద స్థిరీకరించిన ఆయకట్టు 11 లక్షల ఎకరాలకు పైనే. 132 టీఎంసీలను ఆ భూమి మొత్తం మీద సమంగా నిలబెడితే రెండున్నర అడుగులకు కాస్త ఎక్కువ వస్తుంది. అదీ డ్యాం దగ్గరి లెక్క. కాలువల్లో ఇంకేదీ ఆవిరయ్యేదీ తీసేస్తే పొలానికి చేరేది రెండడుగులు కూడా ఉండదు. వరికి ఒక పంటకు దమ్ముతో కలిపి నాలుగడుగుల చుట్టూ కావాలి. అంటే ఈ కాలువను మొదటి నుంచీ కొంత మాగాణికి, ఎక్కువగా ఆరుతడికి అనుకునే కట్టారు. ఆరుతడికి స్థిరీకరించిన భూమిలో పైవాళ్లు వరి వేసినప్పుడు, మీ నీరు వారి మడిలో నిలబడుతోంది. వారు మీకు శత్రువులు కారు. వరికి ఖాయమైన కొనుగోలు ధర ఉంది, మినుముకో మిరపకో ఆ భరోసా లేదు. దీన్ని కాలువ దగ్గర మాత్రమే తేల్చలేం, మార్కెట్ యార్డులో కూడా తేల్చాలి. ఆరుతడి పంటలకు మద్దతు ధర దక్కే ఏర్పాటు లేకుండా వరి మానమని చెప్పే హక్కు ప్రభుత్వాలకు లేదు.

అయినా మీ మైనరు పరిధిలో ఇప్పుడే చేయగలిగింది ఉంది. నీళ్లు వదిలాం అన్న జవాబుతో ఎప్పుడూ తృప్తి పడకండి. ఎన్ని క్యూసెక్కులు (సెకనుకు ఒక ఘనపుటడుగు నీరు పారితే ఒక క్యూసెక్కు), ఎన్ని రోజులు అని అడగండి. మీ మైనరు మొదట్లో కాలువ గోడ మీద గీతలు గీసిన గేజీ ఉంటుంది, లేకపోతే పెట్టించాలి. ఆ గేజీ మీద నీరు ఏ గీత దగ్గరుంటే ఎన్ని క్యూసెక్కులు పారుతున్నట్టో చూపే పట్టిక సెక్షన్ ఆఫీసులో ఉంటుంది. ఒక క్యూసెక్కు ఒక రోజంతా పారితే రెండు ఎకర అడుగులకు కొద్దిగా తక్కువ. అంటే ఇరవై నాలుగు ఎకరాలు ఒక అంగుళం తడుస్తాయి, లేదా పన్నెండు ఎకరాలు రెండంగుళాలు తడుస్తాయి. మీ మైనరుకు పది క్యూసెక్కులు పది రోజులు వచ్చాయని తెలిస్తే, మొత్తం ఆయకట్టుకు ఎన్ని అంగుళాలు రావాలో ఐదో తరగతి పిల్లవాడు కూడా చెప్పగలడు. ఉదయం, సాయంత్రం గేజీ చూసి ఒక పుస్తకంలో రాసి, ఆ అంకెను సంఘం ఆఫీసు గోడ మీద సుద్దముక్కతో రాయండి. పై తూముల దగ్గర రాత్రిపూట షట్టరు ఎత్తే అలవాటు, అంకె పదిమంది కళ్లముందు ఉన్నప్పుడు చాలావరకు తగ్గుతుంది.

రెండో పని వంతులు. నీరు నిండుగా ఉన్నప్పుడు వంతులు ఎవరికీ గుర్తుకు రావు, తగ్గాక పెడితే ఎవరూ వినరు. అందుకే నాట్లకు ముందే, కాలువ సగం ప్రవాహానికి తగ్గితే ఆ రోజు నుంచి చివరి తూముకు మొదట ఇచ్చి పైకి వెళ్లాలని సంఘంలో తీర్మానం రాయించండి. పైవారికి నీరు ఎలాగూ ముందు తగులుతుంది కాబట్టి, వంతు చివర నుంచి మొదలుపెట్టడం వల్ల వారు పూర్తిగా ఎండిపోయే ప్రమాదం తక్కువ. 1997 నాటి సాగునీటి వ్యవస్థల రైతుల యాజమాన్య చట్టం ఈ అధికారాన్ని నీటి వినియోగదారుల సంఘాలకు ఇచ్చింది. అప్పట్లో పదివేలకు పైగా సంఘాలు ఏర్పడ్డాయి. చాలాచోట్ల అవి పూడికతీత పనుల బిల్లులకే పరిమితమైపోయాయన్నది చేదు నిజం. ఆంధ్రప్రదేశ్‌లో 2024 డిసెంబరులో మళ్లీ ఎన్నికలు జరిగాయి కాబట్టి, మీ ప్రాంతం నుంచి ఎన్నికైన సభ్యుడిని ఈ ఒక్క తీర్మానం గురించి నిలదీయండి.

కాలువలో గుర్రపుడెక్క, తూటికాడ పెరిగితే నీటి వేగం ఎంత పడిపోతుందో మీకు నేను చెప్పనక్కర్లేదు. చివరి రైతులే ముందుగా పలుగూ పారా పట్టుకుని వెళ్లవలసి రావడం అన్యాయమే. ఆ పనికి పైవారి నుంచి ఇంటికొక మనిషి చొప్పున రావాలని కూడా ఆ తీర్మానంలోనే రాయించవచ్చు.

ప్రశ్న: మా మామగారి ఎనిమిదెకరాలు మా ఆయనకు, బావగారికి, మరిదికి పంచారు. మా బోరుతో వేరుశనగ, కాస్త వరి పండించుకునేవాళ్లం. బావగారు పక్కనే మరింత లోతుకు బోరు వేయించాక మాది ఆగిపోయింది. ఇప్పుడు మరిది ఇంకా లోతుకు వేయిస్తానంటున్నాడు. అప్పు చేసి మేమూ వేయించాలా? చట్టం ఏమంటుంది? (గృహిణి, రాయదుర్గం ప్రాంతం, అనంతపురం జిల్లా)

జవాబు: వేయించకండి. ముందు ఈ మాట చెప్పి తరువాత కారణాలు చెబుతాను.

చట్టం మీకు పెద్దగా అక్కరకు రాదు. 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టం దగ్గర నుంచి మన దేశంలో తన నేల కింది నీటిని తోడుకునే హక్కు భూమి యజమానిదే. 2002లో వచ్చిన నీరు, భూమి, చెట్ల పరిరక్షణ చట్టం, అంటే వాల్టా, కొత్త బోరుకు అనుమతి ఉండాలనీ, తాగునీటి వనరుకు 250 మీటర్ల లోపు అనుమతి లేకుండా తవ్వకూడదనీ చెబుతుంది. కానీ అన్నదమ్ముల పొలాల మధ్య నీటిని ఎవరికి ఎంత అని పంచిపెట్టే ఏర్పాటు అందులో లేదు. మీ మామగారు నేలను గట్లు వేసి పంచగలిగారు. కింద రాతి పగుళ్లలో నిలిచిన నీటికి గట్లు లేవు. ముగ్గురూ ఒకే తొట్టిలోంచి తోడుకుంటున్నారు. లోతుకు వెళ్లడం వల్ల తొట్టిలో నీరు పెరగదు.

ఆ తొట్టిలోకి ఏటా ఎంత చేరుతుందో లెక్క చూడండి. మీ ప్రాంతంలో ఏడాది వాన సుమారు 550 మిల్లీమీటర్లు. ఎకరా మీద అది 22 లక్షల లీటర్లు అవుతుంది. అక్కడి గట్టి రాతి నేలల్లో అందులో పదో వంతు కిందికి ఇంకితే గొప్ప. అంటే ఎకరాకు రెండు లక్షల చిల్లర లీటర్లు. ఒక ఎకరా వరికి 1,200 మిల్లీమీటర్లు, అంటే 48 లక్షల లీటర్లు కావాలి. మడిలోంచి తిరిగి ఇంకేది తీసేసినా, మీరు పండించే ఒక్క ఎకరా వరి చుట్టుపక్కల పదిహేను ఎకరాల నేల ఏడాదంతా ఇంకించుకున్న నీటిని తాగేస్తుంది. మీ ముగ్గురికీ కలిపి ఉన్నది ఎనిమిదెకరాలు.

2003 తరువాత ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఏడు కరువు జిల్లాల్లో, రైతులే భూగర్భ జలాలను కొలుచుకునే ఒక పథకం నడిచింది. ఊళ్లో వానమాపకం పెట్టుకుని, ఎంపిక చేసిన బోర్లలో నీటిమట్టం క్రమం తప్పకుండా రాసుకుని, రబీకి ముందు అంతా కూర్చుని ఉన్న నీటికీ వేయబోయే పంటలకూ లెక్క చూసుకునేవారు. ఎవరినీ ఇది వేయకూడదని బలవంతపెట్టలేదు, పంట మానినందుకు డబ్బు ఇవ్వలేదు. అయినా అనేక ఊళ్లలో వరి విస్తీర్ణం తగ్గింది. లెక్క కళ్లకు కనిపించడం వల్లనే ఆ మార్పు వచ్చింది.

మీ ఇంట్లో కూడా అదే పని చేయవచ్చు. తెల్లవారుజామున ఎవరి మోటారూ మొదలుకాక ముందు, పొడవాటి టేపుకు చిన్న బరువు కట్టి బోరులోకి వదిలి, తడి తగిలిన చోటు చూసి ఎన్ని అడుగులో రాయండి. మోటారు ఆడుతున్నప్పుడు కొలిస్తే ఆ అంకెకు అర్థం ఉండదు. నెలకొకసారి మూడు బోర్లలోనూ కొలిస్తే చాలు. రెండు సీజన్ల అంకెలు ముందు పెట్టుకున్నాక, మూడు బోర్లూ కలిసే దిగుతున్నాయో లేదో మీ బావగారే చూస్తారు.

తరువాత చేయవలసింది ఒప్పందం. ఇప్పుడు బాగా పోసే ఒక్క బోరునే ముగ్గురికీ ఉంచి, మిగిలిన ఇద్దరి పొలాలకూ పైపులైను వేసుకుని, రోజుకొకరు చొప్పున కరెంటు ఉన్న గంటలు వాడుకోవడం ఒక పద్ధతి. కొత్త బోరుకు అయ్యే ఖర్చులో కొంత భాగంతోనే పైపులూ బిందు సేద్యమూ అమరుతాయి. బోరు బావగారి పొలంలో ఉంది కాబట్టి మరమ్మతు ఖర్చు మిగిలిన ఇద్దరే ఎక్కువ భరించడం సబబు. ఐదేళ్లపాటు ముగ్గురిలో ఎవరూ కొత్త బోరు వేయకూడదని, మట్టం ఫలానా అడుగుల కిందికి పోతే ఆ రబీకి తాగునీరు, పశువుల నీరు పోను ఎకరా చొప్పునే తడపాలని కాగితం మీద రాసుకుని, ఊళ్లో ఇద్దరు పెద్దల సంతకాలు తీసుకోండి. మరిది అప్పు చేయకముందే ఈ మాట ఎత్తాలి. ఒకసారి అప్పు చేసి తవ్వాక, ఆ అప్పు తీర్చడానికైనా ఆయన ఎక్కువ తోడవలసి వస్తుంది. ఈ మాట మీరు ఎత్తడం కంటే మీ అత్తగారి చేత చెప్పించగలిగితే ఇంకా మంచిది.

ప్రశ్న: మా ఊరి చెరువు గొలుసుకట్టులో మూడోది. మిషన్ కాకతీయలో పూడిక తీసినా నిండడం లేదు. శిఖంలో (చెరువు నీరు నిలిచే భూమిలో) కొందరు పట్టాలున్నాయని సాగు చేస్తున్నారు, మత్తడి (అలుగు) ఎత్తు తగ్గించమని ఒత్తిడి చేస్తున్నారు. (ఉపాధ్యాయుడు, వనపర్తి జిల్లా)

జవాబు: చెరువు నిండకపోవడానికి కారణం చాలాసార్లు చెరువులో ఉండదు. పై రెండు చెరువుల నుంచి మీ దాకా వచ్చే వాగు, పాటుకాలువ వెంట నడిచి చూడండి. ఎక్కడ రోడ్డు కట్ట అడ్డం పడింది, ఎక్కడ వెంచరు లేచింది, ఎక్కడ కాలువను చేలో కలిపి దున్నేశారు అన్నది తెలుస్తుంది. ఆ నడకకు ఊళ్లో నీరటిగా (చెరువు నీటిని పొలాలకు పంచే మనిషిగా) పనిచేసిన కుటుంబంలోని పెద్దవారిని తోడు తీసుకెళ్లండి. 2015లో మొదలైన మిషన్ కాకతీయ 46 వేలకు పైగా చెరువులను లెక్కలోకి తెచ్చి, పూడిక మట్టిని పొలాలకు చేర్చింది. అది మంచి పని. అయితే చెరువుకు నీరు తెచ్చే దారులను బాగుచేయడం పూడికతీతంత తేలిక కాదు. ఆ దారులు ఎవరెవరి పట్టా భూముల్లోనో ఉంటాయి.

శిఖం పట్టాలు కొన్ని నిజంగానే ఉంటాయి. నీరు దిగినప్పుడు సాగు చేసుకునే హక్కు అది, నీరు నిలవకుండా చూసే హక్కు కాదు. పూర్తి నీటిమట్టం హద్దు రాళ్లు పాతించమని రెవెన్యూ, నీటిపారుదల శాఖలకు గ్రామసభ తీర్మానంతో రాయండి. పట్టా లేకుండా ఆక్రమించినవారి విషయంలో, గ్రామ ఉమ్మడి భూములనూ చెరువులనూ ఆక్రమణల నుంచి విడిపించాలని 2011 జనవరిలో సుప్రీంకోర్టు ఒక పంజాబ్ కేసులో అన్ని రాష్ట్రాలకూ ఆదేశం ఇచ్చింది. దాని ప్రతిని జతచేయండి. చెరువు మీద ఆధారపడేవారు ఆయకట్టు రైతులు మాత్రమే కారు. చేపలు పట్టే ముదిరాజులు, బెస్తలు, బట్టలుతికే రజకులు, గొర్లకాపరులు ఆ సభలో ఉంటే, మత్తడి తగ్గించాలన్న మాట అంత తేలికగా పైకి రాదు.

హైదరాబాద్ పెద్ద పట్టణం కాబట్టి దానికి వేరే న్యాయం అనుకోకండి. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్‌ల చుట్టూ పది కిలోమీటర్ల మేర 84 గ్రామాల్లో నిర్మాణాలను కట్టడి చేస్తూ 1996లో ఇచ్చిన 111 నంబరు జీవో, నీటి వనరును కాపాడాలంటే దానికి నీరిచ్చే నేలను కాపాడాలని ఒప్పుకున్న ఉత్తర్వు. 2022లో ఆ కట్టడిని సడలించడం నా దృష్టిలో పెద్ద పొరపాటు.

ప్రశ్న: మనకే చాలని కృష్ణా నీరు చెన్నైకి ఎందుకు? (ఒక పాఠకుడు, నంద్యాల)

జవాబు: అది మన ఒక్కరి నీరు కాదు. మహారాష్ట్ర, కర్ణాటక, ఆంధ్రప్రదేశ్ తలా ఐదు టీఎంసీలు వదులుకుని మొత్తం 15 ఇస్తామని 1976లో ఒప్పుకున్నాయి. తెలుగుగంగ కాలువ ద్వారా 1996లో మొదటిసారి ఆ నీరు చేరింది. ఆ కాలువ దారి పొడవునా రాయలసీమ, నెల్లూరు ప్రాంతాలకు సాగునీరు కూడా దక్కుతోంది. తాగునీటికి తలా కాస్త తగ్గించుకున్న ఈ ఒప్పందం, ఈ నది మీద కుదిరిన మంచి ఒప్పందాల్లో ఒకటి.

ప్రశ్న: నాగాయలంక వైపు మా పొలాల్లోకి ఉప్పు ఎక్కుతోంది. ఒక పక్క రొయ్యల చెరువులు, ఒక పక్క కాలువ నీటి కొరత. మేం ఎవరికి చెప్పుకోవాలి? (రైతు, దివిసీమ)

జవాబు: ఉప్పు రెండు దారుల్లో వస్తుంది. నదిలో మంచినీటి ప్రవాహం తగ్గినప్పుడు సముద్రపు పోటు నీరు పాయల వెంట పైకి వస్తుంది. రొయ్యల చెరువుల్లోని నీరు పక్క పొలాల్లోకి ఊరుతుంది, వదిలిన నీరు మురుగు కాలువల్లో కలుస్తుంది.

మొదటిదానికి మీరొక్కరే చేయగలిగింది తక్కువ. 2015లో మొదలైన పట్టిసీమ ఎత్తిపోతల ద్వారా గోదావరి నీరు ప్రకాశం బ్యారేజీకి చేరడం వల్ల నారుమళ్లు సకాలంలో పడుతున్నాయి. డెల్టాకు అలా మిగిలిన కృష్ణా నీరు శ్రీశైలంలో సీమకు ఉపయోగపడాలన్నది ఆ ఏర్పాటులోని ఉద్దేశం. అయితే వరద లేని నెలల్లో బ్యారేజీ దిగువకు నది బతకడానికి ఎంత వదలాలన్నది డెల్టా రైతులు, మత్స్యకారులు కలిసి అడగవలసిన ప్రశ్న. కేటాయింపుల పట్టికలో ప్రాజెక్టులకే తప్ప నది ముఖద్వారానికి గట్టి వాటా లేదు.

రెండోదానికి మాత్రం మీ ఊళ్లోనే పని ఉంది. రొయ్యల చెరువుకూ పొలానికీ మధ్య ఉండవలసిన ఖాళీ జాగా, ఊట కాలువ ఉన్నాయా లేవా చూడండి. చెరువులకు అనుమతి ఇచ్చే జిల్లా స్థాయి కమిటీకి సర్వే నంబర్లతో సహా ఫిర్యాదు రాయండి. సాగునీటి కాలువలోకి చెరువు నీరు వదులుతున్న చోటును ఫొటో తీసి తేదీ వేసి జతచేయండి. వేసవి చివర ఒకసారి, కాలువలు పారిన నెల తరువాత ఒకసారి మీ పొలం మట్టినీ బోరు నీటినీ వ్యవసాయ శాఖ ప్రయోగశాలలో పరీక్ష చేయించి ఆ కాగితాలు దాచుకోండి. రెండింటి మధ్య ఉప్పు శాతం తగ్గకపోతే లోపం కాలువ నీటి కొరతది మాత్రమే కాదని, పక్క చెరువుదని చూపించడానికి మీ చేతిలో ఆధారం ఉంటుంది.